దుమ్ము, ఇసుక, ఊక మధ్య తిరిగే చిన్న బేరింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లు ఎలివేటర్లు, రాయి కోసే, పాలిష్ పట్టే యంత్రాలు, కారం మరలు, ఇటుక బట్టీల కన్వేయర్లు, పొలంలో దిగే పవర్ వీడర్లు. వీటిలో 8 నుంచి 25 మి.మీ. షాఫ్టుల మీద కూర్చునే చిన్న బాల్ బేరింగుల గురించి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. నా పక్షపాతం మాత్రం ముందే చెబుతాను: ఇలాంటి చోట దుమ్మును బయటే ఆపడం మొదటి పని, నంబరూ కంపెనీ ఆ తరువాతి సంగతి.

## కొనే ముందు

బేరింగ్ రెండు నెలలకే పోతోంది. ఇంకాస్త పెద్ద నంబరు వేస్తే నిలుస్తుందా?

చాలా సందర్భాల్లో నిలవదు. ఒక లెక్క చూడండి. 6203 బేరింగ్ డైనమిక్ లోడ్ సామర్థ్యం (తిరుగుతూ మోసే బరువును లెక్కగట్టే కేటలాగు అంకె) దాదాపు 9.5 కిలోన్యూటన్లు. దాని మీద 1 కిలోన్యూటన్, అంటే సుమారు 100 కిలోల బరువు పడుతూ నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతోందనుకుందాం. కేటలాగు సూత్రం ప్రకారం అలాంటి వంద బేరింగుల్లో తొంభై సుమారు 10,000 గంటలు దాటాలి. రోజుకు పది గంటలు నడిపినా అది రెండున్నరేళ్ల పైమాటే. మీది 600 గంటలకే పోతోందంటే దాన్ని చంపుతున్నది బరువు కాదు. 6204 వేస్తే కాగితం మీద ఆయుష్షు 25,000 గంటలకు పెరుగుతుంది, కానీ దుమ్ము కాగితం చదవదు. పైగా 6203 కొలతలు 17×40×12 మి.మీ., 6204 కొలతలు 20×47×14 మి.మీ. నంబరు మార్చాలంటే షాఫ్టు, హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) రెండూ లేత్ మీదికి ఎక్కాలి. ఆ ఖర్చులో చిన్న భాగం పెట్టి బయట మంచి కవచం చేయించుకోవచ్చు. బెల్టు మరీ బిగుతుగా ఉన్నా, షాఫ్టు వంగుతున్నా అప్పుడు బరువు సంగతి నిజంగానే ఆలోచించాలి.

దుమ్ము ఏదైనా దుమ్మే కదా, బేరింగుకు తేడా ఏముంటుంది?

చాలా ఉంటుంది. బేరింగ్ ఉక్కు సుమారు 60 రాక్‌వెల్ గట్టిదనం ఉన్నదే అయినా క్వార్ట్జ్ దానికంటే గట్టిది. ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జే, కరీంనగర్ గ్రానైట్‌లో కూడా అది ఉంటుంది. ఆ రేణువులు రేసును, అంటే బాల్స్ దొర్లే రింగు గాడిని, నేరుగా గీస్తాయి.

ఊకను తేలికగా చూడవద్దు. ఊకను కాలిస్తే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. ధాన్యం దిగే గొట్టాలు, ఎలివేటర్ బకెట్లు అరిగిపోవడానికి కారణం అదే. వాటి పక్కనే ఉన్న బేరింగుకూ అదే గతి.

తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి కాబట్టి వాటి పొడి ఉక్కుకంటే మెత్తన. అయితే పాలిషింగ్‌లో అది నీళ్లతో కలిసి సన్నని బురదగా సీలు అంచుల్లోకి పాకుతుంది, తుప్పును వెంట తెస్తుంది. పాలిషింగ్ రాళ్ల నుంచి రాలే గట్టి రేణువులు కూడా ఆ బురదలోనే ఉంటాయి.

కారప్పొడి, పిండి ఉక్కును గీయవు, కానీ గ్రీజులోని నూనెను పీల్చి దాన్ని ముద్దగా మారుస్తాయి. అక్కడ బేరింగ్ అరిగి కాదు, ఎండిపోయి చస్తుంది. సిమెంటుకు తేమ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే దుకాణంలో నంబరు చెప్పి ఊరుకోకుండా యంత్రం ఏ సరుకు మధ్య తిరుగుతుందో కూడా చెప్పండి.

కంటికి కూడా కనిపించని పొడి అంత నష్టం చేస్తుందా?

చేస్తుంది. తిరుగుతున్నప్పుడు బాల్‌కూ రేసుకూ మధ్య ఉండే నూనె పొర మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) కంటే తక్కువ. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి అయిదు మైక్రాన్ల గట్టి రేణువు కూడా ఆ పొరను చీల్చి ఉక్కులో గుంట వేస్తుంది. పెద్ద గుంటల అంచుల దగ్గరే తరువాత పొరలు లేవడం మొదలవుతుంది. చిన్న బేరింగులకు ఈ బాధ ఎక్కువ. ఆయుష్షు లెక్కకు వాడే ఐఎస్ఓ 281 ప్రమాణంలో కాలుష్యానికి ఒక గుణకం ఉంది: పూర్తి శుభ్రతకు 1, తీవ్ర కాలుష్యానికి సున్నా దాకా. ఒకే స్థాయి మురికికి పెద్ద బేరింగులకంటే చిన్నవాటికి అది తక్కువ విలువ ఇస్తుంది.

## నంబరు, సీలు ఎంచుకునేటప్పుడు

నంబరు పక్కన జడ్‌జడ్, 2ఆర్‌ఎస్, డీడీయూ, ఎల్‌ఎల్‌యూ అని ఉంటాయి. ఏది అడగాలి?

జడ్‌జడ్ లేదా 2జడ్ అంటే రెండు పక్కలా రేకు మూత. అది లోపలి రింగును తాకదు, సన్నని సందు ఉంటుంది. 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు, దాని అంచు లోపలి రింగును తాకుతూ ఉంటుంది. దీన్నే ఎస్‌కెఎఫ్ 2ఆర్‌ఎస్1 లేదా 2ఆర్‌ఎస్‌హెచ్ అని, ఎన్‌ఎస్‌కె డీడీయూ అని, ఎన్‌టీఎన్ ఎల్‌ఎల్‌యూ అని రాస్తాయి. పొరపాటు జరిగే చోటు ఒకటుంది: ఎన్‌ఎస్‌కె వీవీ, ఎన్‌టీఎన్ ఎల్‌ఎల్‌బీ కూడా చూడటానికి రబ్బరు సీళ్లే, కానీ అవి తాకని రకం. దుమ్ములో మీకు కావలసింది తాకే సీలు. దుకాణదారు «రబ్బరు సీలేనండీ, ఒకటే» అంటే అక్షరాలు మీరే చదవండి.

జడ్‌జడ్ ధర తక్కువ కదా, అది చాలదా?

పెద్ద రేణువులు, లేత్ పొట్టు లాంటివాటిని అది ఆపుతుంది. సన్నని పొడిని, నీటిని ఆపదు. మోటారు లోపల, మూసి ఉన్న గేరు పెట్టెలో జడ్‌జడ్ చక్కగా పనిచేస్తుంది. ఊక ఎగిరే గదిలో దాన్ని వాడటం డబ్బు ఆదా కాదు.

2ఆర్‌ఎస్ వేశాక బేరింగ్ వేడిగా అనిపిస్తోంది. తప్పు రకం వేశానా?

తాకే సీలు రాపిడి వల్ల మొదటి కొన్ని గంటలు కొంచెం వేడెక్కడం సహజం. అంచు కుదురుకున్నాక తగ్గుతుంది. సాధారణ నైట్రైల్ రబ్బరు సీలు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. చేయి పెట్టి కాసేపు ఉంచగలిగితే కంగారు అక్కర్లేదు. వేగం సంగతి చూస్తే 6204-2ఆర్‌ఎస్ పరిమితి నిమిషానికి దాదాపు 10,000 చుట్లు. 1,440 లేదా 2,880 తిరిగే మోటార్లకు ఇది సమస్యే కాదు. చేతి గ్రైండర్ ఆర్మేచర్ లాంటి అతి వేగపు చోట మాత్రం తాకే సీలు కాలిపోవచ్చు. అక్కడ కంపెనీ వేసిన రకాన్నే వెయ్యండి.

మంచి కంపెనీ 2ఆర్‌ఎస్ వేసినా లోపలికి దుమ్ము పోతోంది. ఇంకేం చేయాలి?

బేరింగు సీలు చివరి కాపలా. అది ఒక్కటే పోరాడాల్సి వస్తే రేణువులు దాని అంచునే అరగదీస్తాయి, అంచు పోయాక దారి తెరిచినట్టే. కన్వేయర్ రోలర్లు చేసేవారికి ఇది బాగా తెలుసు. మంచి రోలర్‌లో బేరింగ్ ముందు మలుపులు తిరిగిన సన్నని సందుల వరస ఉంటుంది, దాని నిండా గ్రీజు ఉంటుంది. ఆ మలుపులు దాటి దుమ్ము బేరింగు దాకా రావడం కష్టం. మీ యంత్రానికీ ఇదే పద్ధతిని చిన్న ఎత్తున చేయించవచ్చు.

అన్నిటికంటే చౌకైనది షాఫ్టుతో పాటు తిరిగే రేకు బిళ్ల. సీలుకు ముందు, హౌసింగ్ ముఖానికి అర మి.మీ. ఎడంగా ఉంచితే పడిన దుమ్మును, నీటిని తిరుగుతూ బయటికి విసిరేస్తుంది. దాని లోపలి వైపు షాఫ్టు మీద వీ-రింగ్ రబ్బరు ఎక్కిస్తే ఇంకా మంచిది. దాని పెదవి హౌసింగ్ ముఖానికి ఆనుతుంది. నెమ్మదిగా తిరిగే చోట నూనెలో నానబెట్టిన ఫెల్ట్ రింగు చాలు, కానీ అది ఎండితే దుమ్మును పట్టుకుని షాఫ్టునే గీస్తుంది, అప్పుడప్పుడు మార్చాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని బేరింగును సరుకుకు దూరంగా జరపడం. స్క్రూ కన్వేయర్ చివరి పలకకే బేరింగ్ బిగించి ఉంటే షాఫ్టు పక్క నుంచి కారే తవుడు నేరుగా సీలు మీదికే వస్తుంది. పలకకూ బేరింగ్ బ్లాకుకూ మధ్య 40-50 మి.మీ. ఖాళీ వదిలితే కారిన సరుకు కిందికి రాలిపోతుంది. పాత యంత్రంలో కూడా రెండు యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేసి ఇది సాధించవచ్చు. ఈ ఒక్క మార్పు ఇచ్చే ఫలితం ఏ ఖరీదైన బేరింగూ ఇవ్వదు.

స్టెయిన్‌లెస్ లేదా సిరామిక్ బేరింగ్ వేస్తే దుమ్ము సమస్య పోతుందా?

స్టెయిన్‌లెస్ తుప్పుకు మందు, దుమ్ముకు కాదు. బేరింగుల్లో వాడే 440సీ స్టెయిన్‌లెస్ మామూలు బేరింగ్ ఉక్కుకంటే కొంచెం మెత్తన, బరువు మోసే శక్తి కూడా తక్కువ. సిరామిక్ బాల్స్ క్వార్ట్జ్ కంటే గట్టివే, అయితే హైబ్రిడ్ బేరింగులో (బాల్స్ మాత్రమే సిరామిక్) రేసులు ఉక్కువే కాబట్టి అవి అరుగుతూనే ఉంటాయి. పూర్తి సిరామిక్‌ను దెబ్బలు తగిలే యంత్రంలో పెడితే పగిలే ప్రమాదం ఉంది. ధర ఎన్నో రెట్లు. అదే డబ్బుతో ఏడాదికి సరిపడా మామూలు బేరింగులు, వాటికి మంచి కవచాలు వస్తాయి.

హౌసింగ్ చేయించి 6204 వేయాలా, బ్లాకుతో వచ్చే యూసీ204 కొనాలా?

వెల్డింగ్ చేసిన ఫ్రేముల మీద, 20 మి.మీ. పైన షాఫ్టులకు నా ఓటు యూసీ బ్లాకుకే. బయటి రింగు గుండ్రని గూడులో కూర్చుంటుంది కాబట్టి ఫ్రేము కాస్త వంకరగా ఉన్నా సర్దుకుంటుంది. 6204 రకం డిగ్రీలో చిన్న భాగానికి మించిన వంకరను భరించదు. యూసీకి గ్రీజు నిపుల్ ఉండటం మరో లాభం: కొత్త గ్రీజు ఎక్కిస్తే పాతది దుమ్ముతో సహా సీలు అంచు నుంచి బయటికి వస్తుంది. పొలం పనిముట్లకు మూడు పెదవుల సీలు ఉన్న వ్యవసాయ రకాలు దొరుకుతాయి. బురదలో దిగే యంత్రానికి అవే అడగండి. లోపం ఏమిటంటే యూసీ షాఫ్టు మీద గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న స్క్రూలు) నిలుస్తుంది. అవి వదులైతే షాఫ్టు అరిగిపోతుంది. ఎక్కువ వేగం, తక్కువ అదురు కావలసిన చోట 6204నే బిగుతుగా ఎక్కించాలి.

బేరింగే వద్దనుకుని బుష్ (షాఫ్టు నేరుగా లోపల తిరిగే గొట్టం ముక్క) వేస్తే?

నెమ్మదిగా తిరిగే చోట, లేదా కొంచెం అటూఇటూ ఊగే కీళ్ల దగ్గర ఇది తెలివైన పని. బుష్‌లో బాల్స్ లేవు, రేసు లేదు, పాడైతే లేత్ మీద మళ్లీ చేయించుకోవచ్చు. రెండు జాగ్రత్తలు: ప్లాస్టిక్ బుష్‌లో గట్టి రేణువులు నాటుకుపోయి మెత్తని షాఫ్టును ఉప్పుకాగితం లాగా అరగదీస్తాయి, కాబట్టి షాఫ్టుకు హార్డెనింగ్ చేయించాలి. నైలాన్ నీరు పీల్చి ఉబ్బుతుంది, తడి చోట సందు కొంచెం ఎక్కువ వదలాలి.

సీ3 అని రాసి ఉన్నది కొనవచ్చా?

కొనవచ్చు. సీ3 అంటే బాల్స్‌కూ రేసులకూ మధ్య మామూలుకంటే కాస్త ఎక్కువ సందు. వేడెక్కే మోటార్లకు, బిగుతుగా ఎక్కించే చోట్లకు అది మంచిది. దుమ్ముకు మందు మాత్రం కాదు. చేత్తో ఊపితే కొత్తదే వదులుగా ఉందని కొందరు వెనక్కి ఇచ్చేస్తుంటారు. అది లోపం కాదు.

అసలైనదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?

మరీ తక్కువ ధర, పెట్టె మీద మసకబారిన ముద్రణ, బేరింగు మీద గీతల్లా చెక్కిన అక్షరాలు అనుమానానికి చాలిన కారణాలు. ప్రధాన కంపెనీలు ఫోనులో తనిఖీ చేసుకునే యాప్‌లు ఇచ్చాయి. పెట్టె మీది కోడ్ స్కాన్ చేస్తే ఫలితం వస్తుంది. అన్నిటికంటే సులువు, అధీకృత విక్రేత దగ్గర బిల్లుతో కొనడం.

## గ్రీజు దగ్గర

కొత్త 2ఆర్‌ఎస్ బేరింగు సీలు ఊడదీసి గ్రీజు నింపుతాం. మంచిదేనా?

వద్దు. కంపెనీ లోపలి ఖాళీలో సుమారు మూడో వంతు మాత్రమే కావాలనే నింపుతుంది. నిండా కుక్కితే గ్రీజు మరిగినట్టు కలియబెట్టబడి వేడెక్కుతుంది. సూది పెట్టి లేపిన సీలు అంచు మళ్లీ సరిగా కూర్చోదు, దుమ్ముకు అదే ద్వారం. గ్రీజుతో రక్షణ కావాలంటే సీలు బయట, కవచానికీ సీలుకూ మధ్య ఖాళీలో పెట్టండి.

నిపుల్ ఉన్నవాటికి గ్రీజు ఎప్పుడు, ఎంత కొట్టాలి?

నెలకోసారి గన్ నిండా కొట్టడంకంటే వారానికోసారి కొద్దికొద్దిగా ఇవ్వడం మేలు. దుమ్ము ఎక్కువైతే రోజూ రెండు నొక్కులు. యంత్రం నెమ్మదిగా తిరుగుతుండగా, చేతికి ప్రమాదం లేని చోట నుంచి ఇవ్వండి. సీలు అంచున సన్నని గ్రీజు ఉంగరం కనిపించగానే ఆపేయండి. ఆ ఉంగరాన్ని తుడిచేయవద్దు, అదే దుమ్మును పట్టి ఆపుతుంది. చేతి గన్ ఒత్తిడి వందల బార్లకు చేరగలదు, గట్టిగా నొక్కితే సీలు ఊడి బయటికి వస్తుంది.

నిపుల్‌ను ముందు గుడ్డతో తుడవకపోతే ఆ మొనమీది ఇసుకను మీరే లోపలికి పంపుతున్నారు. ఇక మిల్లుల్లో మూత తీసి వదిలేసిన గ్రీజు డబ్బా సంగతి. దాని పైపొర చూస్తే బేరింగులు ఎందుకు పోతున్నాయో సగం అర్థమవుతుంది.

ఏ గ్రీజు వాడాలి? ఒక దానిలో ఇంకొకటి కలపవచ్చా?

మామూలు ఉష్ణోగ్రతలో పొడి దుమ్ముకు లిథియం ఈపీ-2 (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే రకం) సరిపోతుంది. పాలిషింగ్ యంత్రాలు, పొలం పనిముట్ల లాంటి తడి చోట్లకు నీటిని తట్టుకునే క్యాల్షియం సల్ఫోనేట్ రకం మేలు. కలపడం మాత్రం వద్దు. లిథియం, పాలీయూరియా గ్రీజులు సాధారణంగా పొసగవు, కలిస్తే మెత్తబడి కారిపోవచ్చు. రకం మార్చాలంటే పాతది పూర్తిగా బయటికి తోసేయండి లేదా విప్పి కడగండి. రంగు చూసి ఒకటే అనుకోవద్దు, గ్రీజు రంగు కంపెనీ ఇష్టం.

## బిగించేటప్పుడు

సుత్తితో కొట్టి ఎక్కిస్తే నష్టమా? ఎప్పటినుంచో అలాగే చేస్తున్నారు.

ఎక్కడ కొడుతున్నారన్నదే ప్రశ్న. షాఫ్టు మీదికి ఎక్కిస్తున్నప్పుడు బలం లోపలి రింగు మీదే పడాలి, హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే. తప్పు రింగును కొడితే దెబ్బ బాల్స్ గుండా పోయి రేసులో గుంటలు పడతాయి. మొదటి రోజు నుంచే గరగర మొదలవుతుంది, నింద దుమ్ము మీద పడుతుంది. లోపలి రింగుకు సరిపోయే ఇనుప పైపు ముక్క ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు. వేడి చేయాల్సి వస్తే సీలు ఉన్న బేరింగును 80 డిగ్రీలు దాటనివ్వవద్దు, నూనెలో మరిగించవద్దు. కాగితం విప్పడం కూడా ఎక్కించే నిమిషంలోనే.

షాఫ్టు అరిగి బేరింగ్ వదులుగా ఉంది. సెంటర్ పంచ్‌తో గాట్లు కొట్టి ఎక్కించవచ్చా?

ఆ గాట్ల మొనలు కొద్ది రోజుల్లో నలిగిపోతాయి, తరువాత రింగు షాఫ్టు మీద జారుతూ తిరుగుతుంది. ఆ రాపిడిలో పుట్టే ఎర్రని పొడి కూడా రేణువులే. 20 మి.మీ. షాఫ్టు మీద 6204 బిగుతుగా నిలవాలంటే షాఫ్టు 2 నుంచి 11 మైక్రాన్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. అంత సన్నని లెక్కను పంచ్ తీర్చలేదు. వెల్డింగ్‌తో నింపి లేత్ పట్టించడం, స్లీవ్ వేయడం, షాఫ్టు మార్చడం సరైన దారులు. సీజన్ మధ్యలో ఆగలేని పరిస్థితి వస్తే బేరింగులు నిలబెట్టే ప్రత్యేక జిగురు ద్రవం పంచ్ గాట్లకంటే చాలా నయం.

## నడుస్తున్నప్పుడు

సాయంత్రం గాలి గొట్టంతోనో నీళ్లతోనో యంత్రం కడుగుతాం. బేరింగులకు ఏమైనా అవుతుందా?

సీలు అంచు మీదికి గాలి సూటిగా కొడితే దుమ్మును మీరే లోపలికి నెట్టినట్టు. బేరింగుల చుట్టూ బ్రష్ లేదా గుడ్డ వాడండి. నీటి సంగతి ఇంకా ప్రమాదం: వేడి బేరింగు మీద చన్నీళ్లు పడగానే లోపలి గాలి కుంచించుకుని, బయటి తడిని సీలు అంచు గుండా లోపలికి లాగుతుంది. యంత్రం చల్లారాక కడగండి, కడిగాక కాసేపు తిప్పి, నిపుల్ ఉంటే కాస్త గ్రీజు ఇవ్వండి. పవర్ వీడర్ కడిగేటప్పుడు షాఫ్టుకు చుట్టుకున్న గడ్డి, ప్లాస్టిక్ దారం కోసి తీయాలి. ఆ దారం సీలు కిందికి దూరి పెదవిని కోసేస్తుంది.

పోబోయే ముందు తెలుసుకోవడం ఎలా?

శబ్దం మారుతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను హౌసింగ్‌కు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని గరగర ముందుగానే తెలుస్తుంది. చేతులు, బట్టలు తిరిగే భాగాలకు దూరంగా ఉండాలి. సీలు అంచున గ్రీజు నల్లబడటం, రోజూ ఉండేదానికంటే వేడి పెరగడం కూడా గుర్తులే. కోతల సీజన్ మొదలవకముందే అనుమానం ఉన్నవాటిని మార్చేయండి. ఎలివేటర్ ఆగిన రోజు నష్టంతో పోలిస్తే బేరింగు ఖరీదు లెక్కలోకి రాదు.

## విప్పాక

పోయిన బేరింగును చూసి కారణం చెప్పవచ్చా?

చెప్పవచ్చు, అందుకే దాన్ని పాత ఇనుములో వేయకముందు ఒక దాన్ని కోసి చూడండి. కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. రేసు అద్దంలా మెరవకుండా బూడిద రంగులో మసకబారి, బాల్స్ సన్నబడి ఉంటే సన్నని దుమ్ము పని. అక్కడక్కడా విడివిడి గుంటలుంటే పెద్ద రేణువులు. బాల్స్ మధ్య దూరానికి సరిగ్గా సరిపోయే గుంటలుంటే బిగించేటప్పుడు పడిన సుత్తి దెబ్బ. ఎర్రని మరకలు నీటివి. నీలం లేదా గోధుమ రంగు తిరిగితే వేడి, సాధారణంగా గ్రీజు ఎండడం వల్ల. నిచ్చెన మెట్లలా అడ్డగీతలు కనిపిస్తే తిరుగుతుండగా కరెంటు బేరింగు గుండా పోయింది. రేసులో దుమ్ము గీతలే లేకుండా ఒక వైపే పొరలు లేస్తే అప్పుడు బరువు లేదా వంకర గురించి ఆలోచించాలి, అప్పుడే పెద్ద నంబరు ప్రశ్నకు అర్థం ఉంటుంది.

గరగర వస్తున్న దాన్ని డీజిల్‌లో కడిగి గ్రీజు పెట్టి మళ్లీ వాడవచ్చా?

దుమ్ము కడిగినా అది వేసిన గుంటలు పోవు. ఒక్క వారం గడపాల్సిన అవసరం ఉంటే కడగండి, ఆ వారంలోనే కొత్తది తెప్పించండి. కడిగాక కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పడం కొందరికి సరదా. గ్రీజు లేని బేరింగును అలా తిప్పితే మిగిలిన రేసు కూడా గీసుకుపోతుంది, జాలీ (బాల్స్‌ను ఎడంగా పట్టి ఉంచే చట్రం) విరిగితే బాల్స్ తూటాల్లా ఎగురుతాయి. రింగును వేళ్లతో గట్టిగా పట్టుకుని ఆరబెట్టండి.